తక్కువ ఖర్చు - ఎక్కువ పుష్టి

బియ్యముతో కడుపు నిండును. పుష్టికి అది ఒక్కటే చాలదు. 100 గ్రాముల పాలిషు బియ్యములో కాల్షియము 10 మిల్లీగ్రాములైనను ఉండదు. రాగులలో 350కి పైగా ఉండును.

అమీన్‌పూరు పొరుగున, పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగలపై పరిశోధనలు చేయుచున్నది. ధాన్యములలో లైసిను తక్కువ, పప్పులలో ఎక్కువ. జొన్నరొట్టెతో కందిపప్పు తిన్నచో ఒకదాని లోటును మరొకటి తీర్చును.

అయితే జొన్నలు రేషను బియ్యముకంటె ప్రియము. కావున కర్మాగారపు కూలిపై బ్రతుకు కుటుంబము అన్నము మానవలసిన పని లేదు. ఉదయము గుప్పెడు రాగిపిండితో అంబలి, వారమునకు రెండు మూడు పూటలు రొట్టె చాలును. ఆకుకూర దింపిన పిమ్మట నిమ్మరసము పిండినచో, అందలి ‘సి’ విటమిను ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. భోజనముతోపాటు టీ త్రాగినచో ఆ మేలు తగ్గును. రక్తహీనతకు సులభముగా లోనగు స్త్రీలు, పిల్లలు ఈ సంగతి ముఖ్యముగా గమనింపవలెను.