గ్యాసుకూ కరెంటుకూ ఎడం ఉండాలి



మన పిడుగురాళ్ల పేరులోనే పిడుగు ఉంది. పిడుగు ఆకాశంలో పుడుతుంది. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. కానీ ఇంట్లో పుట్టే నిప్పురవ్వ మన చేతిలో ఉంది. దాని గురించి చదువుదాం.

ఒకప్పుడు పత్తికట్టె, మిరపకట్టె పెట్టి వండుకునేవాళ్లం. పొగకు కళ్లు మండేవి. 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో ఉజ్వల పథకం వచ్చింది. చాలా ఇళ్లలో పొగ తగ్గింది. మరి సిలిండర్ ఎక్కడ పెట్టాలి? ఈ సంగతి ఆలోచించామా?

ఒక ఇంటి సంగతి

ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఉండొచ్చు. వంటగది ఇరుకు. అందుకని సిలిండర్ బయట వసారాలో పెట్టారు. రబ్బరు పైపును గోడ కన్నంలోంచి లోపలికి తీశారు. కరెంటు వైరు కూడా అదే కన్నంలోంచి వెళ్లింది. సిలిండర్‌కు జానెడు ఎడంలో స్విచ్చిబోర్డు. ఆ పక్కనే పత్తి బోరాలు. చూడవచ్చిన ఆడపడుచు అడిగింది.

"వదినా! సిలిండర్ పక్కనే స్విచ్చి ఉందేంటి?"

"బయటే ఉంది కదమ్మా! గ్యాస్ కారినా గాలికి పోతుందిలే."

వదిన మాట సగమే నిజం. ఎందుకో చూద్దాం.

గ్యాస్ కిందికి దిగుతుంది

వంటగ్యాస్ గాలికన్నా బరువు. కారితే పైకి పోదు. నీళ్లలా నేలబారున పాకుతుంది. గుంటలో, మురుగుకాలవలో, గోడ మూలన నిలుస్తుంది. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. ఒక గ్లాసు ద్రవం బయటికొస్తే దాదాపు 250 గ్లాసుల గ్యాస్ అవుతుంది. అందుకే కొంచెం కారినా ప్రమాదమే.

స్విచ్చి వేసినప్పుడు లోపల చిన్న రవ్వ పుడుతుంది. ఆపినప్పుడూ పుడుతుంది. మన కంటికి కనపడదు. గ్యాస్ అంటుకోవడానికి ఆ రవ్వ చాలు.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో ఘోరం జరిగింది. భూమిలో వేసిన పెద్ద గ్యాస్ గొట్టం కారింది. తెల్లవారుజామున గ్యాస్ కమ్ముకుంది. నిప్పు తగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. అది మన వంట సిలిండర్ కాదు. కానీ పాఠం ఒక్కటే. ఆరుబయట అయినా గ్యాస్ పేరుకుంటే, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

ఏం చేయాలి?

1. సిలిండర్ నుంచి స్విచ్చి, ప్లగ్గు, మీటరు, మోటారు కనీసం బారెడు దూరం ఉండాలి. నేలకు దగ్గరగా ఉన్న ప్లగ్గుతో ప్రమాదం ఎక్కువ.

2. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి. పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి.

3. బయట పెడితే నీడ ఉండాలి, గాలి ఆడాలి. మురుగుకాలవ పక్కన పెట్టొద్దు. పత్తి, కట్టెలు దగ్గర ఉంచొద్దు.

4. రబ్బరు పైపును గోడలోంచి తీయొద్దు. అది మొత్తం కంటికి కనపడాలి. లోపల ఎలుక కొరికినా, ఒరుసుకుపోయినా మనకు తెలియదు. సిలిండర్ బయటే ఉండాలంటే ఏజెన్సీ మెకానిక్‌తో ఇనుప గొట్టమో, రాగి గొట్టమో వేయించాలి. కరెంటు వైరు దానికి తగలకూడదు. ఎర్తు వైరు దానికి కట్టకూడదు.

5. పైపు, రెగ్యులేటర్ దగ్గర సబ్బునీళ్లు రాసి చూడాలి. బుడగలు వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి మాత్రం చూడొద్దు.

వాసన వస్తే?

గ్యాస్‌కు సొంత వాసన లేదు. కారితే తెలియాలని ఘాటు వాసన కలుపుతారు. ఇంట్లో ఎండుమిరప ఉంటే ఆ ఘాటులో ఇది తెలియకపోవచ్చు. కాబట్టి అనుమానం వస్తే ఊరుకోవద్దు.

స్విచ్చి వేయొద్దు. వెలిగే లైటును ఆపనూ వద్దు. పొయ్యి, రెగ్యులేటర్ కట్టేయాలి. తలుపులు, కిటికీలు తీయాలి. పిల్లల్ని, ముసలివాళ్లను దూరంగా తీసుకుపోవాలి. అక్కడి నుంచి 1906కు ఫోన్ చేయాలి. ఇంటి దగ్గర ఫోన్ వాడొద్దు. మెయిన్ స్విచ్చి సిలిండర్‌కు దూరంగా ఉంటేనే ఆపాలి. పక్కనే ఉంటే దాన్నీ ముట్టుకోలేం. బారెడు ఎడం ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా!

మనది సున్నపు బట్టీల ఊరు. నిప్పుతో పని మనకు కొత్త కాదు. బట్టీ దగ్గర చూపే జాగ్రత్త ఇంట్లోనూ చూపుదాం.

ఆ వదిన ఏం చేసిందో తెలుసా? మర్నాడే పత్తి బోరాలు పక్క గదిలోకి మార్పించింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి స్విచ్చిబోర్డు అవతలి గోడకు పెట్టించింది. గ్యాస్ మెకానిక్‌తో ఇనుప గొట్టం వేయించింది. కొంచెం ఖర్చయింది. ఇప్పుడు రాత్రిళ్లు నిశ్చింతగా నిద్రపోతోంది.

చేసి చూడండి

మీ సిలిండర్ దగ్గర నిలబడండి. రెండు చేతులూ బారజాపండి. ఆ దూరంలో స్విచ్చి గానీ ప్లగ్గు గానీ ఉందా? రబ్బరు పైపు మీద ఉన్న తేదీ చదవండి. పైపు ఎప్పుడు మార్చాలో ఏజెన్సీ వాళ్లను అడగండి. చూసినవి మీ సంఘంలో చెప్పండి.