లెక్క చదవడం ఎవరి పని?

దళితుల గురించి లెక్కలు లేవని ఎవరూ అనలేరు. జనగణనలో, రేషను కార్డుల్లో, హాస్టలు రిజిస్టర్లలో, పోలీసు కేసుల పట్టికల్లో మనం లెక్కకు ఎక్కుతూనే ఉన్నాం. లెక్క రాసేవాడు ఒకడు, లెక్కకెక్కేవాడు మరొకడు కావడంలోనే చిక్కంతా ఉంది. రాసిన పట్టిక వాడకు తిరిగి రాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వినిపించే "ఏలిముద్ర ఎయ్యమన్నారు, ఏసినాం" అనే మాట ఈ స్థితిని సూటిగా చెబుతుంది. అంకెను చదవడం, ప్రశ్నించడం, సరిచూడడం నేర్పే శిక్షణ తరగతులు అందుకే కావాలి. ఇది కంప్యూటరు చదువు కాదు, హక్కుల చదువు.

ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. 1928లో సైమన్ కమిషన్‌కు బొంబాయి రాష్ట్ర అణగారిన వర్గాల విద్యపై నివేదిక ఇచ్చినప్పుడు అంబేద్కర్ సర్కారీ విద్యాశాఖ అంకెలనే వాడుకున్నారు. జనాభాలో తమ స్థానమేది, బడిలో తమ స్థానమేది అని పక్కపక్కన పెట్టి చూపారు. అంకె సర్కారుదే, ప్రశ్న మాత్రం ఆయనది.

మన ప్రాంతంలో ఇలాంటి పని ఉపాధి హామీ సామాజిక తనిఖీలో జరిగింది. 2005 నాటి ఆ చట్టం 2006లో తొలివిడతగా విజయనగరానికి, 2007లో శ్రీకాకుళానికి వచ్చింది. చట్టంలోని 17వ సెక్షను గ్రామసభకు తనిఖీ అధికారం ఇచ్చింది. ఈ పనికోసం రాష్ట్రంలో 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలి కుటుంబాల పిల్లలకే కొద్ది రోజులు నేర్పి, మస్తరు నకళ్లు చేతికిచ్చి గడపగడపకూ పంపారు. "ఈ వారం ఆరు రోజులు పనికెళ్లినట్టుంది, నిజమేనా? డబ్బు ఎంతొచ్చింది?" ఇంతే ప్రశ్న. చనిపోయినవాళ్లు పనికొచ్చినట్టు, వలసపోయినవాళ్లు కూలి తీసుకున్నట్టు రాసి ఉంటే ఇక్కడే దొరికిపోతుంది. ఆ తర్వాత గ్రామసభలో, మండల ప్రజావేదికలో అందరి ముందు చదివి వినిపిస్తారు. అక్షరం రానివాళ్లు కూడా తన పేరు ఎదుట రాసిన అంకెను తప్పో ఒప్పో చెప్పగలరు. అయితే తనిఖీలో తేలిన సొమ్మంతా రికవరీ కాలేదు. లెక్క పట్టుకోవడం ఒక ఎత్తు, కక్కించడం మరో ఎత్తు. రెండోదానికి సంఘం కావాలి.

మస్తరు తర్వాత నేర్చుకోవలసింది శాతం. 2011 జనగణన ప్రకారం ఎస్సీలు శ్రీకాకుళంలో సుమారు 9.5 శాతం, విజయనగరంలో 10.6 శాతం. నాటి ఉమ్మడి రాష్ట్రంలో 16.4 శాతం. "ఇక్కడ మీరు తక్కువే కదా" అనే మాటకు ఈ శాతమే ఆధారం. అదే లెక్కను మనుషుల్లోకి మారిస్తే రెండు జిల్లాల్లో కలిపి ఐదు లక్షలమంది! శాతం చెప్పినవాణ్ణి సంఖ్య అడగాలి, సంఖ్య చెప్పినవాణ్ణి ఎంతమందిలో అని అడగాలి.

ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపోయింది. పాలకొండ ప్రాంతం శ్రీకాకుళం నుంచి అందులోకి, రాజాం ప్రాంతం విజయనగరంలోకి వెళ్లాయి. కాబట్టి 2011 నాటి శ్రీకాకుళం, ఇప్పటి శ్రీకాకుళం ఒకటి కావు. రెండింటి అంకెలూ పక్కన పెట్టి "ప్రగతి" అంటే నమ్మకూడదు. మండలాలవారీగా కూడి చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పట్టికలో లేని గడి. "ఎస్సీ" అనే ఒక్క గడిలో మాల, మాదిగ, రెల్లి, పైడి అందరూ కలిసిపోతారు. పట్టణాల్లో పాకీపని చేసిన రెల్లివాళ్ల పిల్లలు ఎంతమంది కాలేజీ దాకా వచ్చారో ఆ గడి చెప్పదు. 2025లో రాష్ట్రం వర్గీకరణ చేసి రెల్లి సమూహానికి 1, మాదిగ సమూహానికి 6.5, మాల సమూహానికి 7.5 శాతం కేటాయించింది. చాలునని వాదించినా చాలదని వాదించినా ముందు అడగాల్సింది ఒకటే: ఇది ఏ లెక్క మీద?

శిక్షణ నడిపేవారికి నాలుగు మాటలు. పాఠం నిర్వచనాలతో మొదలెట్టకండి, జాబుకార్డు, పాసుపుస్తకం, అడంగలు నకలుతో మొదలెట్టండి. నేలమీద ముగ్గుపిండితో వాడ పటం గీయించి ఇళ్లు, బోర్లు, శ్మశానం గుర్తు పెట్టించండి. ఆడవాళ్లు కూలినుంచి వచ్చే వేళకే తరగతి పెట్టండి. సేకరించిన లెక్క మొదటి నకలు వాడలోనే ఉంచండి.

జాగ్రత్త కూడా అవసరం. ఫీల్డు అసిస్టెంటు మీద చెప్పినవాళ్ల పేరు బయటపడితే వాళ్లకు పని దొరకదు. అందుకని మొత్తాలు సభలో చదవాలి, పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే చదవాలి. మనం తీసిన లెక్క మనవాళ్లనే దెబ్బతీయకూడదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో మరో చట్టం చేసింది. చట్టాలు మారినా కాగితం చదవడం నేర్చుకున్నవాళ్లు దాన్ని మరిచిపోరు. ఎవరు లెక్కపెట్టారు, ఎప్పుడు, ఎంతమందిలో, ఎవర్ని వదిలేశారు? ఈ నాలుగు ప్రశ్నలూ ప్రతి వాడలో నలుగురి నోట వచ్చేదాకా ఈ తరగతులు సాగాలి.