క్యాంపర్ వ్యాన్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్: బుక్ చేసే ముందు ఇవి తెలుసుకోండి

ఫోన్ బాక్స్ మీద ‘ఆక్టాకోర్’ అని రాసుందని ఎవరూ కొనేయరు కదా, ఏ చిప్‌సెట్ అని చూస్తాం. కానీ క్యాంపర్ వ్యాన్ విషయంలో నేను సరిగ్గా ఆ తప్పే చేశా. మ్యూనిక్ నుంచి ముగ్గురు ఫ్రెండ్స్‌తో ఆస్ట్రియా ట్రిప్‌కి వ్యాన్ అద్దెకు తీసుకుంటూ, ‘ఆటోమేటిక్’ అన్న చోట టిక్ పెట్టి ఊరుకున్నా. ఏ ఆటోమేటిక్ అని చూడలేదు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ విసిగిపోయినవాడిని, క్లచ్ లేకపోతే చాలనుకున్నా.

మూడో రోజు గ్రోస్‌గ్లోక్నర్ ఘాట్ రోడ్డు ఎక్కాం. 1935లో తెరిచిన రోడ్డు ఇది. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, కొన్నిచోట్ల వాలు 12 శాతం. 2,504 మీటర్ల ఎత్తున్న హోఖ్‌టోర్ దాకా ఎక్కడం సాఫీగానే సాగింది. అసలు కథ దిగేటప్పుడు మొదలైంది. లివర్ ‘డీ’లో పెట్టి, ప్రతి మలుపుకీ బ్రేక్ నొక్కుతూ దిగుతున్నా. కాసేపటికి ముందు చక్రాల దగ్గర నుంచి కాలిన వాసన. పెడల్ మామూలు కన్నా లోతుకి వెళ్తోంది. చేతులు చల్లబడ్డాయి. రోడ్డు పక్కన జాగా కనపడగానే ఆపేసి, బ్రేకులు చల్లారే దాకా ముప్పావు గంట కూర్చున్నాం.

తప్పు వ్యాన్‌ది కాదు, నాది. ఎడమ కాలికి పని తప్పింది కదా అని బుర్రకి కూడా సెలవిచ్చేశా. మీకు అలా జరగకూడదనే ఈ ఆర్టికల్.

ఆటోమేటిక్‌లో మూడు రకాలు

ఏఎంటీ: 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో పాపులర్ అయిన టెక్నాలజీయే. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్, మామూలు క్లచ్. వాటిని మన బదులు కంప్యూటర్ నడిపిస్తుంది. యూరప్ క్యాంపర్లలో ఎక్కువగా కనిపించే ఫియట్ డుకాటో పాత మోడళ్లలో ‘కంఫర్ట్‌మేటిక్’ పేరుతో వచ్చింది ఇదే. గేర్ మారినప్పుడల్లా చిన్న విరామం, తల ముందుకి ఊగుతుంది. గేర్ మారే ముందు యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఆ కుదుపు తగ్గుతుంది.

డ్యుయల్ క్లచ్: ఒక క్లచ్ ఇప్పుడున్న గేర్‌ని చూసుకుంటుంటే, రెండోది తర్వాతి గేర్‌ని రెడీగా పెడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా టీ6.1లో 7 స్పీడ్ డీఎస్‌జీ ఈ రకమే. గేర్ మారడం తెలియనంత వేగం. కాకపోతే లోపల ఉన్నవి క్లచ్‌లే అని గుర్తుండాలి.

టార్క్ కన్వర్టర్: ఇక్కడ క్లచ్ చేసే పని ఆయిల్ నిండిన కన్వర్టర్ చేస్తుంది. ఇంజిన్ శక్తిని ఆయిలే అందిస్తుంది కాబట్టి, అంగుళం అంగుళం కదిలినా క్లచ్ కాలే గొడవ లేదు. డుకాటోలో 2019లో 9 స్పీడ్, 2024 మోడల్‌కి 8 స్పీడ్ వచ్చింది. మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోక్స్‌వ్యాగన్ క్రాఫ్టర్ ఆటోమేటిక్‌లు కూడా ఈ రకమే.

ఈ మూడూ యాడ్‌లో ‘ఆటోమేటిక్’ అనే ఒక్క మాట కిందే కనపడతాయి. కాబట్టి మోడల్ సంవత్సరం, గేర్‌బాక్స్ పేరు తప్పకుండా అడగండి.

నడిపేటప్పుడు

దిగుడు: లారీ నడిపిన మా బాబాయి ఎప్పుడూ అనేవాడు, ‘ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగాలిరా’ అని. ఆ రోజు నేను మర్చిపోయిన మాట అది. మూడున్నర టన్నుల బండి ‘డీ’లో ఉండగా మీరు యాక్సిలరేటర్ వదిలేస్తే, చాలా గేర్‌బాక్స్‌లు పెట్రోల్, డీజిల్ ఆదా కోసం పై గేర్‌కి వెళ్తాయి. ముందు పది మలుపుల దిగుడు ఉందని వాటికి తెలీదు. మీకు తెలుసు. అందుకే వాలు మొదలవకముందే మాన్యువల్ మోడ్‌కి మార్చి రెండో గేరో, మూడో గేరో పట్టుకోండి. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, భయపడకండి. బండిని ఆపుతున్నది ఆ అరుపే. బ్రేక్ కాలితో అదేపనిగా నొక్కి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి వదిలేయండి.

ఎత్తులో ఆగినప్పుడు: యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు. ఏఎంటీ, డ్యుయల్ క్లచ్‌లలో అలా చేస్తే క్లచ్ సగం పట్టి జారుతూ వేడెక్కుతుంది. బ్రేకో, హ్యాండ్ బ్రేకో వాడండి.

క్యాంప్‌సైట్‌లో: నేల ఎగుడుదిగుడుగా ఉంటే చక్రాల కింద ప్లాస్టిక్ దిమ్మెలు పెట్టి వ్యాన్‌ని సమం చేస్తాం. టార్క్ కన్వర్టర్‌కి ఇది చాలా తేలిక. ఏఎంటీతో అయితే చుక్కలు కనపడతాయి. ఎక్కదు, ఎక్కదు, ఒక్కసారిగా ఎక్కి అటువైపు దూకేస్తుంది. ఒకరు బయట నిలబడి చెప్పాల్సిందే.

పార్కింగ్: బ్రేక్ నొక్కి, ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, బరువు దాని మీద పడ్డాక ‘పీ’లో పెట్టండి. ‘పీ’ అంటే గేర్‌బాక్స్ లోపల ఒక చిన్న కొక్కెం. వాలు మీద బండి బరువంతా దాని మీదే వేస్తే పాపం. పాత ఏఎంటీలలో ‘పీ’ ఉండకపోవచ్చు. అప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లోనే ఉంచి ఇంజిన్ ఆపాలి.

జర్మనీలో ఉన్న మనవాళ్లకి

అక్కడ స్థిరపడ్డాక ఇండియా లైసెన్స్ 6 నెలలే చెల్లుతుంది. తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్ అవ్వాలి. ప్రాక్టికల్ ఆటోమేటిక్‌లో ఇస్తే లైసెన్స్ మీద 78 కోడ్ పడుతుంది, మాన్యువల్ నడపకూడదు. 2021 ఏప్రిల్ నుంచి ఇంకో దారి ఉంది: మాన్యువల్‌లో కనీసం 10 క్లాసులు చేసి, స్కూల్ పెట్టే చిన్న టెస్ట్ పాసైతే 197 కోడ్ వస్తుంది. దాంతో రెండూ నడపొచ్చు. అలాగే మామూలు బి లైసెన్స్‌కి పరిమితి 3,500 కిలోలు. గేర్‌బాక్స్, మంచాలు, నీళ్లు, మనుషులు, చివరికి మీ ఆవకాయ జాడీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఏది తీసుకోవాలి?

కొండల ట్రిప్ అయితే టార్క్ కన్వర్టర్. చిన్న వ్యాన్‌లో హైవే ప్రయాణమే ఎక్కువైతే డ్యుయల్ క్లచ్. బడ్జెట్ తక్కువైతే ఏఎంటీ కూడా పనికొస్తుంది, దాని తీరు తెలుసుకుని నడిపితే. ఏది తీసుకున్నా బయల్దేరే ముందు ఖాళీ స్థలంలో పది నిమిషాలు మాన్యువల్ మోడ్‌కి మార్చడం, గేర్ తగ్గించడం ప్రాక్టీస్ చేయండి. ఆ పది నిమిషాలు నేను వెచ్చించి ఉంటే, ఆ ముప్పావు గంట రోడ్డు పక్కన కాకుండా కింద ఊళ్లో కాఫీ తాగుతూ గడిచేది.