ఐదు షీట్ల పడవ

మన ఊళ్లలో ప్లైవుడ్ కొట్టుకు వెళ్లి మెరైన్ ప్లై చూపించమంటే ముందుగా బయటికి తీసేది 18 లేదా 19 మిల్లీమీటర్ల షీటు. పేరులో సముద్రం ఉన్నా అది చేరేది వంటింటి అలమరలకే, సింకు కింది అరలకే. చిన్న పడవకు కావాల్సింది 4 నుంచి 9 మి.మీ. మందం. మెరైన్ రకంలో ఆ పలుచటి షీట్లు చాలా కొట్లలో నిల్వ ఉండవు, చెప్పి తెప్పించుకోవాలి. తెప్పించేది ఎటూ మన కోసమే కాబట్టి, ఎన్ని షీట్లు, ఏ రకం, ఎంతకు అన్న లెక్క ఇంట్లోనే తేల్చుకుని వెళ్లడం మేలు.

అడుగు రేటు మీద గీచి గీచి బేరమాడితే మిగిలేది వందల్లో. పడవ కొలతను షీటుకు తగ్గట్టు ఎంచుకుంటే మిగిలేది వేలల్లో. చాలామంది మొదటిదాని మీదే రోజంతా గడిపేస్తారు.

షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అంటే 2440 బై 1220 మి.మీ., 32 చదరపు అడుగులు. పొడవైన పక్క పలక కావాలంటే రెండు షీట్ల అంచులను ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పరిచి జిగురుతో అతకాలి. మందానికి 8 రెట్ల పొడవున ఏటవాలు తీయడం పడవ పనిలో ఆనవాయితీ. 6 మి.మీ. షీటుకు 48 మి.మీ. అతుకులో పోతుంది. రెండు షీట్లు కలిపితే చేతికి వచ్చేది 4832 మి.మీ., సుమారు 15 అడుగుల 10 అంగుళాలు. 16 అడుగుల పడవ కట్టాలనుకున్నవాళ్లకు దాదాపు రెండంగుళాలు తక్కువ! పైగా పక్క పలక వంపు తిరిగి ముక్కు దగ్గర కలుస్తుంది కాబట్టి దాని అసలు పొడవు పడవ పొడవు కన్నా ఎక్కువే ఉంటుంది. ఆ కాస్త కోసం పక్కలకో షీటు, అడుక్కో షీటు అదనంగా పడతాయి. 14 అడుగుల దగ్గర ఆగితే ఈ బాధ లేదు.

వెడల్పులోనూ ఇలాంటి గీత ఒకటుంది. షీటును నిలువునా రెండుగా కోస్తే ఒక్కో పట్టీ 2 అడుగులు. పక్క ఎత్తు అంతలోపు ఉంటే అతికిన రెండు షీట్లలోంచే కుడి పక్క, ఎడమ పక్క రెండూ వస్తాయి. 25 అంగుళాల ఎత్తు కావాలంటే పక్కలకే నాలుగు షీట్లు.

పిల్లలు తెరచాప నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ కొలత చూడండి. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దాన్ని ప్లైవుడ్ కోసమే గీశాడు. పొడవు 2.36 మీటర్లు. షీటు 2.44 మీటర్లు కాబట్టి అతుకే అక్కర్లేదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నడిపేవీ ఈ తరగతి పడవలే. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌తో చేస్తున్నా కొలత మాత్రం ఆ ప్లైవుడ్ షీటు ఇచ్చిందే. 1962లో బ్రిటన్‌లో డైలీ మిర్రర్ పత్రిక పేరుతో వచ్చిన మిర్రర్ పడవా ప్లైవుడ్ కోసం గీసిందే. 3.3 మీటర్ల పొడవు. కోసిపెట్టిన ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో కుట్టి, కీళ్ల మీద గ్లాస్ టేపు వేసి అతికించుకోవడమే. కిట్టు ధర అప్పట్లో 63 పౌండ్ల 11 షిల్లింగులు. 70 వేలకు పైగా తయారయ్యాయి. మనకు దగ్గరి ఉదాహరణ కన్యాకుమారి జిల్లా ముట్టం. కట్టుమరాలకు కావాల్సిన పెద్ద మానులు కరవైపోతున్న 1980లలో అక్కడ మత్స్యకార సంఘాల సమాఖ్య ఆధ్వర్యంలో ప్లైవుడ్ పడవల తయారీ సాగింది. సరదా కోసం కాదు, రోజూ అలలను దాటి వేటకు పోవడం కోసం.

ఇక రకం. కొట్లో వినిపించే పేర్లు మూడు. ఎంఆర్, అంటే కమర్షియల్, తేమను కాస్త ఓర్చుకుంటుంది, నీళ్లను కాదు. బీడబ్ల్యూఆర్ మరిగే నీళ్ల పరీక్షకు నిలవాలి. ఈ రెండూ ఐఎస్ 303 కిందికి వస్తాయి. బీడబ్ల్యూపీ అనేది మెరైన్ రకం, దాని ప్రమాణం ఐఎస్ 710. కొట్టువాళ్లు "సెవెన్ టెన్" అనేది దీన్నే. జిగురు 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా ఊడకూడదు, చెక్కకు పురుగు, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించి ఉండాలి. ఆ రెండో షరతు మనకు అదృష్టమనే చెప్పాలి. పడవలు కట్టేవాళ్లలో ప్రపంచమంతా పేరున్న బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 1088 ముద్రతో వచ్చే ఒకూమే చెక్క సహజంగా కుళ్లును తట్టుకునే రకం కాదు. తేలికదనానికే దాని గిరాకీ.

ఈ ఒకూమే విషయంలో మన బజారు తీరు తిరగబడి ఉంది. మన దగ్గర పైపొరకు గర్జన్ చెక్క అంటే గౌరవం, ఒకూమే అంటే రెండో రకం. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేశాక గర్జన్ మరింత ప్రియమైంది. అదే పడవ కట్టే పాశ్చాత్యుడు గబాన్ నుంచి వచ్చే ఒకూమే కోసం ఎదురు డబ్బిస్తాడు. అలాగని ఒకూమే ఫేస్ అని రాసి ఉన్న షీటు కొని తేలికైన పడవ వస్తుందనుకోకండి. ఆ పైపొర అర మిల్లీమీటరు కూడా ఉండకపోవడం మామూలే. లోపలి పొరలు నీలగిరివైతే బరువు వాటిదే.

కాబట్టి షీటును తూకం వేయించండి. 6 మి.మీ. షీటు ఘనపరిమాణం 0.0179 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 440 కిలోలుండే చెక్కతో చేస్తే షీటు 8 కిలోల లోపు తూగుతుంది. 720 కిలోల చెక్కయితే దాదాపు 13. నాలుగు షీట్ల మీద తేడా 20 కిలోలు. ఇద్దరు ఎత్తి ఒడ్డుకు చేర్చే పడవకు అది చిన్న విషయం కాదు. అదే మరపడవ అయితే పట్టించుకోనక్కర్లేదు.

మందం కూడా కొలవాలి. 6 అని అమ్మే షీటు 5.4 ఉంటే తగ్గింది పదో వంతే అనిపిస్తుంది. కానీ పలక బిగువు మందం ఘనంతో మారుతుంది కాబట్టి పోయేది 27 శాతం. అడుగు రేటులో ఐదు రూపాయలు తగ్గించామన్న సంతోషం అక్కడే ఆవిరైపోతుంది.

ఇప్పుడు 14 అడుగుల చదును అడుగు పడవకు లెక్క వేద్దాం. అడుక్కి రెండు, పక్కలకు రెండు, వెనక పలకకూ కూర్చునే బల్లలకూ ఒకటి, మొత్తం 6 మి.మీ. షీట్లు ఐదు. వెనక పలకకు రెండు పొరలు కలిపి అతికితే 12 మి.మీ. అవుతుంది. అంతా కలిపి 160 చదరపు అడుగులు. కింది రేట్లు లెక్క కోసం వేసుకున్నవి. వాటి చోట మీ ఊరి రేట్లు పెట్టుకోండి.

సెవెన్ టెన్ అడుగు 70 రూపాయలైతే 11,200. 18 శాతం జీఎస్టీతో 13,216. బీడబ్ల్యూఆర్ 55 అయితే పన్నుతో 10,384. కమర్షియల్ 40 అయితే 7,552. మొదటిదానికీ చివరిదానికీ తేడా 5,664 రూపాయలు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ దాని పక్కన మిగతా ఖర్చు పెట్టి చూడాలి. లోపలా బయటా పూతకు, కీళ్లకు, బయట గ్లాస్ క్లాత్ తడపడానికి కలిపి ఎపాక్సీ 12 కిలోలు. కిలో 700 చొప్పున 8,400. మేస్త్రి కూలి రోజుకు 1,000 చొప్పున 15 రోజులకు 15,000. అంచు కర్ర, క్లాత్, స్క్రూలు, రంగు 6,000. సెవెన్ టెన్ వాడితే పడవ మొత్తం 42,616. కమర్షియల్‌తో ఆదా 13 శాతం. జిగురు ఊడి పొరలు విచ్చుకుంటే ఆ 13 శాతంతో పాటు మేస్త్రి కూలీ, ఎపాక్సీ కూడా నీళ్లపాలే. ఎపాక్సీ పూస్తే ఏ ప్లై అయినా పరవాలేదనే మాట ఒడ్డున కూర్చుని చెప్పడానికి బాగుంటుంది. ఒక రాయి గీసుకుపోయిన చోట నీళ్లు లోపలికి దిగాక పూత వాటిని బయటికి పోనివ్వదు.

చెరువులో ఆదివారాలు తిప్పి, షెడ్డులో బోర్లించి పెట్టే పడవకు బీడబ్ల్యూఆర్ చాలు. 2,832 మిగులుతుంది, మిగుల్చుకోవచ్చు. పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సులో తిప్పేదానికో, గోదావరి పాయలో కట్టేసి ఉంచేదానికో అయితే సెవెన్ టెన్ తప్ప మరో మాట వద్దు. అడుక్కి సెవెన్ టెన్, మిగతా మూడు షీట్లకు బీడబ్ల్యూఆర్ అని కలపాలనుకునేవాళ్లూ ఉంటారు. అందులో మిగిలేది 1,699. దానికోసం రెండు రకాల సరుకు తెప్పించే తలనొప్పి నాకైతే దండగ.

షట్టరింగ్ ప్లై ఇంకో ఆశ. నల్లగా మెరుస్తూ, కాంక్రీటు నీళ్లను తట్టుకుంటూ, చవకగా కనిపిస్తుంది. ఆ నల్లటి ఫిల్ము మీద ఎపాక్సీ పట్టదు. గీకేయడానికయ్యే కూలి లెక్క వేసుకుంటే చవక అక్కడే తేలిపోతుంది.

ముద్ర నిజమో కాదో చూడటానికి షీటు మీద ఐఎస్ఐ గుర్తు పక్కనున్న సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. అది ఐఎస్ 710 కింద ఇచ్చిన లైసెన్సేనా, కంపెనీ పేరు కలుస్తోందా అన్నది తెలుస్తుంది. మేస్త్రి చెప్పిన కొట్లోనే కొనాలని లేదు. అతని కమీషన్ ఎటూ మన రేటులోనే ఉంటుంది.

ఐదూ ఒకేసారి మాత్రం తెప్పించకండి. ముందు ఒక్కటి కొని, వెనక పలకా బల్లలూ అందులోంచే తీయండి. కోసిన అంచుల్లో పొరలు కనిపిస్తాయి. 6 మి.మీ.లో మూడు కాక ఐదు పొరలుండాలి, లోపలి పొరల మధ్య సందులు ఉండకూడదు. మిగిలిన తుంటల్లో రెండంగుళాల ముక్కలు నాలుగైదు తీసి నాలుగు గంటలు మరిగించి, ఒక రోజు ఆరబెట్టి, మళ్లీ నాలుగు గంటలు మరిగించండి. యూరియా జిగురుతో చేసిన నాసిరకమైతే సాధారణంగా మొదటి విడతలోనే పొరలు విడిపోతాయి. 72 గంటల పరీక్షకు ఇది సాటి కాదు, మందు ఎక్కించారో లేదో కూడా చెప్పదు. దొంగ సరుకును మాత్రం పట్టిస్తుంది. ముక్కలు గట్టిగా నిలిస్తే షీటు మీది బ్యాచ్ నంబరు రాసుకుని వెళ్లి, మిగతా నాలుగూ అదే బ్యాచ్‌లోంచి ఇవ్వమని అడగండి. బేరం అప్పుడు మొదలుపెట్టొచ్చు.