సోయా సాస్ కొనేముందు సీసా వెనుక చూడండి

సాయంత్రమైతే చెన్నై తొండియార్‌పేట వీధి మలుపుల్లో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద బాణళ్లు మోగుతాయి. వేడి నూడుల్స్‌లో నల్లటి సాస్ చుర్రుమని పడగానే వచ్చే వాసన పిల్లలను అక్కడి నుంచి కదలనివ్వదు. అదే రుచి ఇంట్లోనూ కావాలని అడుగుతారు. అలా మన వంటింటి అలమరలో చింతపండు డబ్బా పక్కన సోయా సాస్ సీసా చేరింది. తీరా కొనబోతే ఒక సీసా చవక; జపాన్ పద్ధతిలో చేసిన సీసా ధర దానికి ఎన్నో రెట్లు. చూడటానికి రెండూ నలుపే. మరి ఆ ధర దేనికి?

జపనీయులు ఈ సాస్‌ను షోయు అంటారు. ఉడికించిన సోయా గింజలనూ, వేయించి నలగగొట్టిన గోధుమలనూ ఇంచుమించు సమపాళ్లలో కలిపి, ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే మేలైన బూజును వాటి మీద చల్లుతారు. రెండు మూడు రోజుల్లో అది గింజలన్నిటినీ అల్లుకుంటుంది. దీన్ని కోజి అంటారు. కోజిని ఉప్పునీళ్లలో కలిపి, తొట్లలో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పులియబెడతారు. బూజులోని ఎంజైములు సోయాలోని మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా, గోధుమలోని పిండిని చక్కెరలుగా విడగొడతాయి. అంత ఉప్పులో కుళ్లబెట్టే క్రిములు బతకలేవు. ఆవకాయ జాడీని కాపాడేదీ ఈ సూత్రమే. ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియా కాస్త పులుపునిస్తే, ఈస్టు చక్కెరలను ఆల్కహాలుగా, పరిమళాలుగా మారుస్తుంది. మిగిలిన చక్కెరలు అమైనో ఆమ్లాలతో కలిసి ఎర్రటి గోధుమ రంగు తెస్తాయి. దోసె ఎర్రగా కాలినప్పుడు జరిగేది కూడా ఈ మైయార్ చర్యే.

ఇదంతా తొందరగా ముగించే దారి ఇంకొకటుంది. నూనె తీసిన సోయా పిండిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఉడికిస్తే నెలల పని కొద్ది రోజుల్లో అయిపోతుంది. తర్వాత ఆమ్లాన్ని క్షారంతో విరిచి, ఉప్పు, తీపి, కారమెల్ రంగు కలుపుతారు. రుచి కొంత వస్తుంది కానీ ఈస్టు ఇచ్చే పరిమళం రాదు. పైగా పిండిలో మిగిలిన కొవ్వు ఆ ఆమ్లంతో కలిసి 3-ఎంసీపీడీ అనే అవాంఛిత పదార్థం ఏర్పడే వీలుంది. ఆమ్లంతో చేసిన ప్రోటీన్ కలిసిన ద్రవ రుచికారకాల్లో ఇది కిలోకు 0.4 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2008లో పరిమితి పెట్టింది. సహజంగా పులిసిన సాస్‌కు ఆ పరిమితి వర్తించదు.

చవకైన ప్రతి సీసా ఆమ్లంతో చేసిందే అనుకోనక్కర్లేదు. వెనుక లేబుల్ చదివితే సరిపోతుంది. నీరు, సోయా, గోధుమ, ఉప్పు, మహా అయితే కాస్త ఆల్కహాలు ఉంటే అది పులియబెట్టిన సాస్. హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అని కనిపిస్తే ఆమ్లం దారి తొక్కినట్టు. ఐఎన్‌ఎస్ 150 అంటే కారమెల్ రంగు. నలుపు కాలం ఇచ్చింది కాదు, కలిపింది.

ఇక రకాలు. జపాన్ ప్రమాణాల్లో ఐదున్నాయి: కొయికుచి, ఉసుకుచి, తమరి, సైషికోమి, షిరో. అక్కడ తయారయ్యే షోయులో 80 శాతానికి పైగా కొయికుచిదే. వేపుడు, పులుసు, ఫ్రైడ్ రైస్ అన్నిటికీ ఇదొక్కటి చాలు. ఉసుకుచిది లేత రంగు. లేత రంగు అంటే ఉప్పు తక్కువని చాలామంది పొరబడతారు. నిజానికి కొయికుచిలో ఉప్పు సుమారు 16 శాతమైతే ఉసుకుచిలో 18 శాతం దాకా ఉంటుంది. తమరి చిక్కన, అందులో గోధుమ బాగా తక్కువ, కొన్నిటిలో అసలుండదు. గోధుమ పడనివారు అది కూడా లేబుల్ చూసే కొనాలి.

సోయా సాస్ రుచికి మూలం గ్లుటమేట్. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు నుంచి దీన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మన టమాటా చారు నాలుక మీద నిండుగా నిలవడానికీ గ్లుటమేటే ఒక కారణం. 1913లో అక్కడి మరో శాస్త్రవేత్త షింతారో కొడామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే మరో ఉమామి పదార్థాన్ని కనుగొన్నాడు. ఈ రెండూ కలిస్తే రుచి కూడిక లెక్కన కాక, ఎన్నో రెట్లు పెరుగుతుంది. తొండియార్‌పేట పక్కనే ఉన్న కాశిమేడు నుంచి తెచ్చిన చేపలో ఇనోసినేట్ సహజంగానే ఉంటుంది. వేయించే ముందు చేపముక్కలకు చెంచాడు షోయు పట్టించి చూడండి. కూరగాయల వేపుడులో మాత్రం దింపే ముందు వేయండి. ముందే వేస్తే పరిమళం ఆవిరైపోతుంది.

జాగ్రత్త పడాల్సింది ఉప్పు దగ్గర. ఒక టేబుల్ స్పూను, అంటే 15 మిల్లీలీటర్ల కొయికుచిలో దాదాపు 2.4 గ్రాముల ఉప్పుంటుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే ఒక్క స్పూనుతో సగం కోటా అయిపోయినట్టే. అందుకే షోయు వేసిన వంటలో ఉప్పు ఆ మేరకు తగ్గించాలి. రక్తపోటు ఉన్నవారు ఈ లెక్క అసలు మరవకూడదు.

మూత తీశాక గాలి, వేడి తగిలి సాస్ నల్లబడుతుంది, వాసన పోతుంది. చెన్నై ఎండల్లో పొయ్యి పక్కన పెట్టిన సీసా ఇంకా త్వరగా పాడవుతుంది. తీసిన సీసాను ఫ్రిజ్‌లో ఉంచి, ఒకటి రెండు నెలల్లో వాడేయాలి. కాబట్టి పెద్ద సీసా చవకని మోసపోకండి. సహజంగా పులిసిన కొయికుచి చిన్న సీసా ఒకటి కొనండి, చెంచాతో కొలిచి వాడండి. రోజువారీ వంటకు అది చాలు.