అటకమీది ల్యాప్‌టాప్‌ను దించి చూడండి

పిల్లల చదువు కొరకు అప్పుచేసి కొత్త ల్యాప్‌టాప్ కొనబోవుచున్నారా? ముందు అటకమీది పాతదానిని దించి చూడమని మా మనవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు నిలిచిపోయినది. పాత యంత్రములు అనేకము విండోస్ 11కు పనికిరావు. అంతమాత్రమున అవి చెత్త కావు. ఐదు రొట్టెలు పంచిన ప్రభువు మిగిలిన ముక్కలను కూడా ఎత్తించెను గదా!

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ నేడు ఉచితముగా దొరుకుచున్నది. అందులో లినక్స్ మింట్ వారి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకము తేలికైనది. 2 జీబీ మెమరీ ఉన్నను నడుచును, 4 ఉంటే సుఖము. సంఘ యౌవనస్థులలో కంప్యూటరు తెలిసినవారిచేత దానిని 8 జీబీ పెన్‌డ్రైవులో సిద్ధము చేయించుకొనండి. లోపలి డిస్కును ముట్టకుండ పెన్‌డ్రైవునుండియే నడిపి, వైఫై, శబ్దము, తెలుగు అక్షరములు సరిగా వచ్చుచున్నవో లేదో చూడవచ్చును. నచ్చితేనే ఎక్కించండి.

ఎక్కించునప్పుడు డిస్కు మొత్తము తుడిచివేయవచ్చును. పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు ముందే వేరొకచోట దాచవలెను. సంఘ పత్రికను పేజ్‌మేకరులో కూర్చువారు మాత్రము తొందరపడవద్దు, అది లినక్స్‌లో నేరుగా నడవదు. వీడియోలు కూర్చుటకు పాత యంత్రము చాలదు. ఆన్‌లైను తరగతికి, ప్రాజెక్టు రిపోర్టుకు, సండేస్కూలు పాఠములకు చాలును.