మాత్ర మానితే మళ్లీ మొదటికే

ఆకలి పుట్టింది, ఒంట్లో సత్తువ వచ్చింది, పొలం పనికీ పోతున్నారు. ఇక మందెందుకు? ఎముక మూలుగలో పుట్టే రక్తకేన్సరు 'సి.ఎం.ఎల్.' రోగుల్లో కొందరు ఇక్కడే పొరబడుతున్నారు.

ఈ జబ్బులో తెల్లరక్తకణాలు మితిమీరతాయి. ఎడమ డొక్కలో బల్ల పెరుగుతుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర దీనిని అదుపు చేస్తుంది. నోవార్టిస్ కంపెనీకి పేటెంటు నిరాకరిస్తూ 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో చవకైన దేశీయ మాత్రలకు అడ్డు తొలగింది.

మాత్రను రోజూ అన్నంతోపాటు, పెద్ద గ్లాసు నీళ్లతో మింగాలి. కళ్లచుట్టూ వాపు, పిక్కలు పట్టేయడం, వాంతులు కలిగితే డాక్టరుకు చెప్పాలి గాని తమంతట తాము మానరాదు. మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదముంది. రక్తపరీక్ష గడువు దాటరాదు. బిడ్డ కావాలనుకునే స్త్రీలు ముందే డాక్టరును సంప్రదించాలి.

నాట్ల రోజైనా, పెళ్లి ప్రయాణమైనా మాత్రలు వెంట ఉండవలసిందే.